పాత స్నో బ్లోయర్ చోక్ తీయగానే ఆగిపోతోందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ శివార్లలో మొదటి ఇల్లు కొన్నారు. రెండు కార్లు పక్కపక్కన పట్టే వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న డ్రైవ్‌వే. ఇల్లు అమ్మినాయన 24 అంగుళాల టూ-స్టేజ్ (మంచును ముందు లోపలికి లాగి, తర్వాత దూరంగా విసిరే రకం) స్నో బ్లోయర్‌ని గరాజ్‌లో వదిలేసి వెళ్లారు. అది చోక్ మీద స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా, కొంటే బ్యాటరీది సరిపోతుందా?

నా సమాధానం: ఇప్పుడే కొనకండి. చోక్ మీద నడుస్తోందంటే ఇంజిన్ చాలావరకు బాగున్నట్టే లెక్క. కంప్రెషన్ ఉంది, స్పార్క్ ఉంది, అందుకే కదా స్టార్ట్ అవుతోంది. దానికి కావాల్సినంత గ్యాస్ (పెట్రోల్) మాత్రం అందడం లేదు. గ్యాస్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే కార్బ్యురేటర్‌లో ఒక సన్నటి దారి పూడుకుపోయింది. చోక్ వేస్తే గాలి తగ్గుతుంది కాబట్టి వచ్చే కొద్దిపాటి గ్యాస్‌తోనే నెట్టుకొస్తుంది. చోక్ తీస్తే గాలి పెరిగి, మిశ్రమం పలచబడి ఆగిపోతుంది. మన ఊళ్లలో పాత స్కూటర్లు చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోయేవి చూడండి, అదే రోగం.

నేను బఫెలో వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. చలికాలం ముందు మా వీధిలోవాళ్లవీ, తెలిసిన తెలుగువాళ్లవీ మెషీన్లు నా గరాజ్‌కి వస్తుంటాయి. వాటిలో ఇంజిన్ నిజంగా పోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం మార్చి నెలలో మిగిలిపోయిన గ్యాస్ నవంబర్ దాకా ట్యాంకులో అలాగే నిలవుండటం వల్ల మొరాయించినవే. మీ మెషీన్‌ని కూడా ఇల్లు అమ్మే హడావిడిలో ఎవరూ పట్టించుకుని ఉండరు.

ఇక్కడ బంకుల్లో దొరికే మామూలు గ్యాస్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. అడుగున ఉన్నదే ముందు కార్బ్యురేటర్‌లోకి వెళ్తుంది. పైగా గ్యాస్‌లో తేలికగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది జిగురులా గట్టిపడుతుంది. కార్బ్యురేటర్‌లో గ్యాస్ వెళ్లే సన్నటి దారి, అంటే పైలట్ జెట్ రంధ్రంలో గుండుసూది మొన కూడా సరిగ్గా దూరదు. అందులో ఆ జిగురు రవ్వంత అంటుకున్నా చాలు. ట్యాంక్ మూత తీసి ఒకసారి వాసన చూడండి. తాజా గ్యాస్ ఘాటు వేరు. పాతబడింది వార్నిష్ డబ్బా మూత తీసినట్టు పుల్లగా కొడుతుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ గానీ, ఫర్నేస్ గానీ ఉంటే అక్కడ ట్యాంక్ ఖాళీ చేయొద్దు, మెషీన్‌ని బయటికి తెచ్చుకోండి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి పక్కన పెట్టండి. తర్వాత ట్యాంకులోని గ్యాస్‌ని చేతి పంపుతో గ్యాస్ డబ్బాలోకి తీయండి. దాన్ని డ్రెయిన్‌లోనో మట్టిలోనో పోయకండి. కౌంటీవాళ్లు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

ఇప్పుడు కార్బ్యురేటర్. దాని కింద చిన్న గిన్నె లాంటిది వేలాడుతూ ఉంటుంది, దాన్ని బౌల్ అంటారు. అడుగున ఒకే బోల్టు. ఫ్యూయల్ వాల్వ్ కట్టేసి, కింద ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత పట్టుకుని ఆ బోల్టు విప్పండి. తెల్లది ఎందుకంటే పడినదాంట్లో ఏముందో స్పష్టంగా కనిపిస్తుంది. అడుగున విడిగా గుండ్రటి బొట్లు దొర్లుతుంటే అది నీరు. బౌల్ లోపల గోధుమ రంగు పొర ఉంటే జిగురు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే తేమకు లోహం తినేసింది. మొదటి రెండైతే శుభ్రం చేస్తే సరిపోతుంది. మూడోదైతే కార్బ్యురేటర్ మార్చేయడమే మేలు, శుభ్రం చేసినా కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టే మెయిన్ జెట్, అంటే గ్యాస్ ప్రధానంగా వెళ్లే దారి. దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పక్కన చిన్న రంధ్రం కనబడుతుంది. వెలుతురు దూరకపోతే మీ దొంగ దొరికినట్టే. పాత కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో పొడవండి. ఉక్కు సూది వాడితే రంధ్రం పెద్దదైపోయి కొత్త సమస్య వస్తుంది. కళ్లజోడు పెట్టుకుని కార్బ్ క్లీనర్ స్ప్రేని కనబడిన ప్రతి దారిలోకీ కొట్టండి, అవతలి వైపు నుంచి ధారగా బయటికి రావాలి. బౌల్ రబ్బరు రింగు ఉబ్బినా, చిట్లినా మార్చండి. లేదంటే గ్యాస్ కారుతుంది.

ఇంత ఓపిక లేకపోతే కొత్త కార్బ్యురేటరే తెప్పించుకోవచ్చు, ఖరీదు పెద్దగా ఉండదు. ఆర్డర్ చేసేటప్పుడు చాలామంది ఒకచోట తికమకపడతారు. మెషీన్ వెనక స్టిక్కర్ మీద ఉన్న నంబర్ వేరు, ఇంజిన్ మీద ముద్రించిన నంబర్ వేరు. కార్బ్యురేటర్‌కి కావాల్సింది ఇంజిన్ నంబర్.

తర్వాత తాజా 87 ఆక్టేన్ గ్యాస్ పోయండి. 91, 93 పోస్తే ఈ ఇంజిన్‌కి అదనంగా ఒరిగేదేమీ లేదు. బంకులో 88 అని రాసి, కాస్త చవగ్గా ఒకటి కనిపిస్తుంది. అందులో 15 శాతం ఇథనాల్ ఉంటుంది, దాన్ని చిన్న ఇంజిన్లలో పోయకూడదు. ఇథనాల్ లేని గ్యాస్ మీ దగ్గర్లో దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే మంచిది. డబ్బాలో నింపిన రోజే స్టెబిలైజర్ (గ్యాస్ త్వరగా పాడవకుండా కాపాడే మందు) కలపండి. చెడిపోయిన గ్యాస్‌లో తర్వాత కలిపితే అది బాగవ్వదు.

ఇంత చేశాక కూడా ఇంజిన్ పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోందనుకోండి, ఆగిన వెంటనే ట్యాంక్ మూత వదులు చేసి మళ్లీ స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే మూతలో గాలి దూరే రంధ్రం మూసుకుపోయింది. స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే పైలట్ జెట్ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అసలు స్టార్టే కాకపోతే టెన్షన్ పడకుండా ముందు చిన్నవి చూడండి: ఇంజిన్‌కి పెట్టే ప్లాస్టిక్ తాళం లోపలిదాకా నొక్కారా, ఫ్యూయల్ వాల్వ్ తెరిచారా, ఇంజిన్ స్పీడు మార్చే థ్రాటిల్ కుందేలు బొమ్మ (ఎక్కువ స్పీడు) వైపు ఉందా. తర్వాతే స్పార్క్ ప్లగ్. అది కొన్ని డాలర్లదే, ఏటా మార్చేయండి. గ్యాప్ చాలావాటికి 0.030 అంగుళం, మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి. ఆయిల్ చలికి తగ్గ 5డబ్ల్యూ-30 సింథటిక్, సీజన్‌కి ఒకసారి.

ఇంజిన్ దారికొచ్చాక షియర్ పిన్నుల దగ్గరికి రండి. మెషీన్ ముందు భాగంలో స్క్రూలా తిరిగే పళ్ల ఇనుమును ఆగర్ అంటారు. అది మంచును నడుమకి లాగుతుంది, వెనకున్న ఇంపెల్లర్ దాన్ని పై గొట్టంలోంచి విసురుతుంది. ఆగర్‌ని దాని ఇరుసుకు పట్టి ఉంచేవే షియర్ పిన్నులు. రాయో, గడ్డకట్టిన న్యూస్‌పేపర్ చుట్టో అడ్డుపడితే అవి తెగిపోవాలి. వాటి ఉద్యోగమే అది. తెగకపోతే ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కి తగులుతుంది, గేర్‌బాక్స్ పోతే అయ్యే ఖర్చుకు పాత మెషీన్ ఇంకోటి వస్తుంది. అందుకే పిన్ను తెగినప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికిన గట్టి బోల్టు బిగించకండి. మీ మోడల్‌కి చెందిన పిన్నులు నాలుగు కొని హ్యాండిల్‌కి టేపుతో అంటించి పెట్టుకోండి. తుపాను రాత్రి షాపు తెరిచి ఉండదు.

ఇందులోనే ఎవరూ చూడని సంగతి ఒకటుంది. ఆగర్‌కీ ఇరుసుకీ మధ్య తుప్పు పడితే రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు పిన్ను ఉన్నా లేనట్టే, దెబ్బ నేరుగా గేర్‌బాక్స్‌కే. పిన్నులు తీసేసి ఆగర్‌ని చేత్తో తిప్పి చూడండి. ఇరుసు కదలకుండా ఆగర్ ఒక్కటే తేలిగ్గా తిరగాలి. తిరిగితే గ్రీజు గన్‌తో ఇరుసు మీది నిపుల్స్‌లో గ్రీజు కొట్టి, నాలుగు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ పెట్టేయండి. తిరగకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వండి. మీది ఎవరో వదిలేసిన మెషీన్ కాబట్టి ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ప్లగ్ వైరు ఊడదీసి ఉందో లేదో మరోసారి చూసుకుని మరీ చేయండి.

బెల్టులు రెండుంటాయి. ఒకటి చక్రాలకు, ఒకటి ఆగర్‌కి. ఇంజిన్ హుషారుగా ఉన్నా మంచు దూరం పడకపోవడం, రబ్బరు కాలిన వాసన రావడం ఆగర్ బెల్టు జారుతోందనడానికి గుర్తు. పై ప్లాస్టిక్ కవర్ విప్పితే కనబడుతుంది. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నా, పగుళ్లున్నా మార్చండి. చక్రాలు కదలకపోతే కింద ప్లేటు విప్పి ఫ్రిక్షన్ డిస్క్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే బిళ్ల) రబ్బరు చూడాలి. దానికోసం మెషీన్‌ని ముక్కు మీద నిలబెడతారు. నిలబెట్టే ముందు ట్యాంక్ ఖాళీగా ఉండాలి. ఆ రబ్బరు మీద గ్రీజు చుక్క పడినా చక్రాలు జారతాయి.

రెండు పక్కలా నేలకు ఆనే స్కిడ్ షూలను సమతలమైన కాంక్రీటు మీద సరిచేయండి. స్క్రేపర్ బార్ (నేలను గీకే పట్టీ) కింద రెండు వైపులా దళసరి అట్టముక్క పెట్టి, షూలను నేలకు ఆనించి బోల్టులు బిగిస్తే చాలు, కావాల్సినంత సందు ఉంటుంది. కంకర డ్రైవ్‌వే అయితే అంగుళం పైనే ఎత్తాలి, లేకపోతే రాళ్లు పక్కింటి కిటికీకి తగులుతాయి. మెషీన్ ఒకే పక్కకు లాగుతుంటే ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి.

ఇక మీ రెండో ప్రశ్న, బ్యాటరీది. మీ చోటు ఏంటో ముందు చూద్దాం. రోచెస్టర్‌లో ఏడాదికి సగటున 100 అంగుళాల దాకా మంచు పడుతుంది. అంటారియో సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఒడ్డున కుమ్మరిస్తుంది. మా వైపు ఈరీ సరస్సుదీ అదే కథ, 2022 నవంబర్‌లో బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానుకే 80 అంగుళాలు పడింది. అయినా మెషీన్ సైజును ఆకాశం నుంచి పడే మంచును బట్టి ఎంచుకోకండి. రోడ్డు శుభ్రం చేసే ప్లో బండి డ్రైవ్‌వే చివర నెట్టి వెళ్లే గట్టును బట్టి ఎంచుకోండి. రోడ్డు మీది మంచు, ఉప్పు నీళ్లు, ఐసు ముద్దలు అన్నీ కలిసి మోకాలెత్తు పేరుకుంటాయి. గంట ఆలస్యమైతే రాయిలా బిగుస్తుంది. సింగిల్-స్టేజ్ మెషీన్ రబ్బరు రెక్కలు దాని మీద ఎగిరెగిరి పడతాయే తప్ప లోపలికి వెళ్లవు. దాన్ని కొరికేది టూ-స్టేజ్ ఇనుప ఆగరే. అందుకే మీ గరాజ్‌లో ఉన్న 24 అంగుళాలదే మీకు సరైన సైజు అంటున్నాను. 30 అంగుళాలది చూడ్డానికి బాగుంటుంది కానీ రెండు కార్ల పక్కన దాన్ని గరాజ్‌లో పెట్టుకోవడమే కష్టం.

బ్యాటరీ మెషీన్లు ఇప్పుడు మంచివే వస్తున్నాయి. కార్బ్యురేటర్ గొడవ లేదు, చప్పుడు తక్కువ. చికాగో శివార్లలోనో న్యూజెర్సీలోనో చిన్న డ్రైవ్‌వే ఉన్నవాళ్లకు నేను అదే చెబుతాను. మీ దగ్గర మాత్రం మంచు ఒక్కోసారి రెండు రోజులు ఆగకుండా కురుస్తుంది. గట్టు తవ్వే సమయానికి చార్జ్ అయిపోతే మళ్లీ ఎక్కేదాకా ఆగాలి. కొన్నా బ్యాటరీలను ఇంట్లోనే ఉంచి అక్కడే చార్జ్ చేయండి, గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. ఎప్పుడైనా కొత్తది తీసుకునే పరిస్థితి వస్తే సెప్టెంబర్, అక్టోబర్‌లలో, సర్వీస్ కూడా చేసే స్థానిక డీలర్ దగ్గర తీసుకోండి. ఏరియన్స్, టోరో, హోండా ఏదైనా ఫర్వాలేదు, మీ ఊళ్లో విడిభాగాలు దొరకడం ముఖ్యం. పాతది కొంటే మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీ కళ్లతో చూడాలి.

మెషీన్ బాగయ్యేలోపు మంచు పడితే పారతో కానిచ్చేద్దాం అనుకుంటారేమో. మీ డ్రైవ్‌వే సుమారు 1,200 చదరపు అడుగులు. మామూలు మంచు పది అంగుళాలు కరిగితే ఒక అంగుళం నీరు. ఆ లెక్కన పది అంగుళాలు పడితే మీరు ఎత్తాల్సింది దాదాపు 2,800 కిలోలు. పొడి మంచైతే ఇందులో సగం ఉండొచ్చు, తడి మంచైతే రెట్టింపు. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనకు గుండె జబ్బుల ముప్పు మామూలుగానే ఎక్కువ. చలిలో ఒక్కసారిగా ఆ బరువు ఎత్తడం గుండెకు పెద్ద పరీక్ష. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, పొద్దున్నే లేచి పార పట్టుకుని బయల్దేరే నాన్నగారిని ప్రేమగానైనా సరే ఆపండి.

వాడేటప్పుడు థ్రాటిల్ ఎప్పుడూ ఫుల్‌గానే ఉండాలి. మంచు ఎక్కువైతే గేరు తగ్గించండి, ఇంజిన్ స్పీడు తగ్గించకండి. గట్టు దగ్గర మెషీన్ సగం వెడల్పు మాత్రమే పెట్టి మొదటి గేరులో వెళ్లండి. గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొడితే తడి మంచు అంతగా అంటుకోదు. మంచంతా ఆగాక ఒకేసారి తీద్దామనుకోకుండా ఐదారు అంగుళాలకోసారి తీయండి. మీరు రోడ్డు వైపు తిరిగి నిలబడితే ప్లో బండి ఎడమ నుంచి వస్తుంది. డ్రైవ్‌వేకి ఎడమ పక్కన రోడ్డంచున కొంత మేర ఖాళీ చేసి పెడితే, బండి తన మంచును చాలావరకు అక్కడే వదిలేస్తుంది. తీసిన మంచును రోడ్డు మీదకి వేయకండి. ఇంటి పక్క గోడలోంచి బయటికి వచ్చే ఫర్నేస్ తెల్ల పైపుల మీదకి అసలే చిమ్మకండి, అవి మూసుకుంటే పొగ ఇంట్లోకి తిరగబడుతుంది. దీపావళికి డ్రైవ్‌వే అంచున వేసిన లైట్ల తీగలు జనవరి దాకా వదిలేస్తాం కదా, మొదటి మంచుకు ముందే వాటిని తీసేసి, అంచుల వెంబడి ఎత్తుగా గుర్తుపుల్లలు పాతండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంట్లో ఆ మెషీన్ ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చదివి వినిపించండి. గొట్టంలో మంచు ఇరుక్కుంటే చెయ్యి పెట్టకూడదు. ఇంజిన్ ఆపేసినా సరే పెట్టకూడదు. మంచు ఇరుక్కున్నప్పుడు ఇంపెల్లర్ బిగుసుకుని ఉంటుంది, అడ్డు తీయగానే ఆ బిగువు వదిలి గిర్రున ఒక తిప్పు తిరుగుతుంది. ఆ ఒక్క తిప్పుకే వేళ్లు పోతాయి. ఏటా ఆసుపత్రులకు వచ్చే కేసులు ఇలాంటివే, పైగా తడి మంచు రోజుల్లోనే ఎక్కువ. రెండు లివర్లూ వదిలేయండి, ఇంజిన్ ఆపండి, తాళం తీసి జేబులో వేసుకోండి, కాసేపు ఆగండి. అప్పుడు మెషీన్‌తో వచ్చే ప్లాస్టిక్ పుల్లతో తీయండి. మీ పాత మెషీన్‌కి ఆ పుల్ల లేకపోతే ఈ రోజే ఒకటి కొనండి, లేదా చీపురు కర్ర తెచ్చి హ్యాండిల్‌కి కట్టేయండి. గ్లవ్స్ ఉన్నాయన్న ధైర్యం పనికిరాదు.

రెండోది, గరాజ్‌లో స్టార్ట్ చేయొద్దు. తలుపు తెరిచి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. బయటికి తోసుకెళ్లి స్టార్ట్ చేయండి. నడుస్తున్నప్పుడు గానీ, వేడిగా ఉన్నప్పుడు గానీ గ్యాస్ పోయకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మెడలో మఫ్లర్, చున్నీ వేలాడకూడదు.

పని అయ్యాక ఒకట్రెండు నిమిషాలు ఆగర్‌ని ఖాళీగా తిప్పండి, లోపలి మంచు రాలిపోతుంది. లేకపోతే రాత్రికి ఇంపెల్లర్ ఐసులో బిగుస్తుంది. ఏప్రిల్‌లో ఇక మంచు లేదని నమ్మకం కుదిరాక ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి, బౌల్ బోల్టు వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా దించేయండి. అది చేస్తే వచ్చే నవంబర్‌లో కార్బ్యురేటర్ విప్పే పని ఉండదు.

ఈ వారాంతం బౌల్ విప్పి, లోపల కనిపించినదానికి ఒక ఫోటో, ఇంజిన్ మీద నంబర్‌కి ఒక ఫోటో తీసి పంపండి. శుభ్రం చేస్తే సరిపోతుందా, మార్చాలా, మార్చాలంటే ఏ కార్బ్యురేటర్ సరిపోతుందో చూసి చెబుతాను.